బాపు ఎక్కిన పరాయి చెట్టు

ఫోన్ వచ్చినప్పుడు నేను గూడూరు అవతల ఒక ఊళ్లో, పంచాయతీ ఆఫీసు వరండాలో కూర్చుని ఒక పెద్దాయనకు బీపీ చూస్తున్నాను. ఏఎన్ఎం ఉద్యోగంలో నాకు సగం రోజులు ఇలాగే గడుస్తాయి. ముప్పై దాటిన వాళ్లకు బీపీ, షుగర్ చూడాలి. అరవై దాటిన వాళ్లను కూర్చోబెట్టి, ఇవాళ ఏ వారం, పొద్దున ఏం తిన్నారు, మనవలు ఎందరు అని అడిగి రిజిస్టరులో రాసుకోవాలి. ఆ రోజు కూడా చుట్టూ చేరిన వాళ్లకు నా పాఠం నేను చెప్పాను. బీపీ గోలీలు మానొద్దు, మానితే గుండె ఒక్కటే కాదు, మెదడు కూడా దెబ్బతింటుంది. చెవులు వినపడకపోతే సిగ్గుపడి మూలకు కూర్చోవద్దు, నలుగురితో మాటలు తగ్గితే మతిమరుపు తొందరగా వస్తుంది. తాగుడు తగ్గించండి, రోజూ నడవండి, బండి మీద పోతే హెల్మెట్ పెట్టుకోండి. నేను బాగానే చెప్తాను. జనం కూడా తలలూపుతూ వింటారు.

ఫోన్ చేసింది మా అవ్వ. గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"బిడ్డా, మీ బాపు పరాయి తాడెక్కిండట. ఒక్కనాడు గాదు, మూడు దినాలు. రేపు పొద్దుగాల సంఘపోళ్లు కూసుంటరట. నువ్వు జర వచ్చిపో."

మా జనగామ వైపు అమ్మను అవ్వ, నాన్నను బాపు, తాటిచెట్టును తాడు అంటారు. మాది కల్లుగీత పని చేసే ఇల్లు. ఊళ్లో గీసే ప్రతి చెట్టుకూ ఒక నంబరు ఉంటుంది, ప్రతి గీత కార్మికుడికీ తన వంతు చెట్లు ఉంటాయి. తన వంతు కాని చెట్టెక్కి కల్లు లొట్టి దించుకోవడం అంటే మావాళ్లలో ఇంట్లో జొరబడి బీరువా తీసినట్టే. మా బాపుకు అరవై ఆరేళ్లు. పదహారో ఏట చెట్టెక్కే పగ్గం, మోకు, నడుముకు కట్టుకున్న మనిషి. చెట్లకు నంబర్లున్నా ఆయన నంబరుతో పిలిచేవాడు కాదు. వంకరది, బాయి కాడిది, పిడుగుపడ్డది, మొండిది అని వాటికి పేర్లు పెట్టుకున్నాడు. ఊరంతా ఆయనను వేలెత్తి చూపిన రోజు అంతకుముందు ఒక్కటి కూడా లేదు.

మిగిలిన బీపీలు మళ్లీ వచ్చి చూస్తానని చెప్పి బస్సెక్కి నేనుండే మానుకోట వచ్చాను. అక్కడి నుంచి రైల్లో కాజీపేట, ఇంకో రైల్లో జనగామ. దారి పొడుగునా నాకు ఒకటే ఆలోచన. బాపు దొంగతనం చేశాడని నేను ఒక్క క్షణం కూడా అనుకోలేదు. నా భయం వేరే. పదిహేను రోజుల కింద ఫోన్లో బాపు నన్ను, "పిల్ల పదో తరగతి పరీక్షలు ఎట్ల రాసింది?" అని అడిగాడు. నా కూతురు డిగ్రీ రెండో సంవత్సరంలో ఉంది. నేను నవ్వి, "ఏంది బాపు, కల్లు ఎక్కువైందా?" అన్నాను. ఆయనా నవ్వాడు. ఊరూరా తిరిగి ఇలాంటి మాటలే పట్టి రిజిస్టరులో రాసుకునే దాన్ని, నా ఇంటి ఫోన్లో వచ్చిన మాటను జోకు చేసి వదిలేశాను. రైల్లో కూర్చుని నన్ను నేను తిట్టుకున్నాను.

మతిమరుపు జబ్బు మొదలైందనే నిర్ధారణకు కాజీపేట చేరేలోపే వచ్చేశాను. ఎవరూ అడగకుండానే నిర్ధారణకు వచ్చేయడం నాకు అలవాటు. ఇల్లు చేరేసరికి బాపుతో ఏం మాట్లాడాలో, ఏం మాన్పించాలో కూడా వరసగా అనుకుని పెట్టుకున్నాను.

పొద్దు గూకక ముందే బాపు మంచంలో పడి నిద్రపోతున్నాడు. ఆ వేళకు ఆయన సాయంత్రం గీతకు చెట్ల మీద ఉండాలి. చెట్టును వేళకు గీయకపోతే గెల ఎండిపోతుంది. జ్వరమొచ్చినా పోయే మనిషి. లేపితే లేచాడు. నన్ను చూసి, "ఎప్పుడొచ్చినవ్ బిడ్డా?" అన్నాడు. నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టి, కాసేపు గోడను చూసి, మళ్లీ "ఎప్పుడొచ్చినవ్?" అన్నాడు. నడుస్తుంటే ఎడమ కాలి చెప్పు జారిపోయింది. అది ఆయనకు తెలియలేదు. ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు ఉత్తదిగా వాకిట్లోకి పోయాడు.

నేను ఆగలేకపోయాను. ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, "బాపు, ఇయ్యాల ఏం వారం?" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. "నీ రిజిస్టర్ల నా పేరు రాస్తవా?" అన్నాడు.

"జెప్పు బాపు, ఏమైతది."

"నేను జెప్ప."

అవ్వ పొయ్యి దగ్గర నుంచి మా ఇద్దరినీ చూస్తూ ఉంది. ఎన్నాళ్ల నుంచి ఇట్లున్నాడని అడిగితే, "పది పదిహేను దినాలైతుంది కావచ్చు. తల నొస్తుందంటడు, పంటడు. వయసైపాయె గదా" అంది. ఆ మాట చెప్తున్నంతసేపూ నావైపు చూడలేదు. అది నేను గమనించాను కానీ ఎందుకో అడగలేదు. మనసంతా పొద్దున్నే జరగబోయే పంచాయితీ మీదే ఉంది. తప్పు ఒప్పుకుంటే జరిమానా, ఆ పైన ఊళ్లో పరువు. ఒప్పుకోకపోతే బాపు వంతు చెట్లు తీసి వేరేవాళ్లకు ఇస్తామంటారు. ఈ రెండిటికీ నడుమ మూడో దారి నా దగ్గర ఉందని అనుకున్నాను.

పొద్దున్నే కల్లు అమ్మే మండువలో రేకుల కింద అందరూ చేరారు. ఇరవై మంది దాకా ఉంటారు. ఫిర్యాదు చేసింది నాకు చిన్నాయన వరసయ్యే మనిషి, బాపు వెనకే గీత నేర్చుకున్నవాడు. ఆయన కోపంగా లేడు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. నడుముకున్న కత్తుల పెట్టె, ముత్తాదులో చెయ్యి పెట్టి ఒక గీత కత్తి తీసి అందరి నడుమ నేల మీద పెట్టాడు.

"ఇది అన్న కత్తి. నా తాడు మీద, మట్టల నడుమ దొరికింది. ఇగ నేను మాట్లాడ. మీరే అడుగుర్రి."

అది బాపు కత్తే. పిడికి రాగితీగె చుట్టి ఉంది. నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. బాపు చెయ్యి తన నడుముకున్న ముత్తాదు మీదికి పోయింది, అక్కడ తడిమింది. అప్పటిదాకా కత్తి లేదని ఆయనకు తెలియదు. గీత కార్మికుడికి కత్తి అంటే దినాం నూరుకునేది, పసిపిల్లలా చూసుకునేది. కత్తి ఎక్కడుందో తెలియకుండా ఎన్ని రోజుల నుంచి తిరుగుతున్నాడు?

సంఘం పెద్దమనిషి అడిగాడు. "ఎందుకెక్కినవ్ అన్నా? నీ తాళ్లు నీకున్నయి గదా?"

బాపు నేల మీది కత్తినే చూస్తూ కూర్చున్నాడు. పెద్దమనిషి మళ్లీ అడిగాడు. వెనక నుంచి ఎవరో, "దొంగకు మాటలేడికెల్లి వస్తయి" అన్నారు. నేను లేచి నిలబడ్డాను.

"మా బాపు దొంగ కాదు. దొంగైతే కత్తి ఆడ ఇడిసిపెట్టి వస్తడా? బాపుకు మతి తప్పుతున్నది. ఏది తన తాడో, ఏది కాదో యాది ఉంటలేదు. గిది బీమారి. నేను దినాం చూసే బీమారే. నా మాట నమ్ముర్రి."

ముందు వరసలో ఉన్న ఒకాయన అయ్యో అన్నాడు. దొంగ అన్నప్పుడు లేని జాలి అందరి ముఖాల్లోకి వచ్చింది. గెలిచానని అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే ఆ గెలుపు తలచుకుని సిగ్గేస్తుంది.

బాపు నెమ్మదిగా తల ఎత్తాడు.

"నాకు మతి మంచిగనే ఉన్నది" అన్నాడు. "తెలిసే ఎక్కిన. కల్లు కోసమే ఎక్కిన. కత్తి నేనే పెట్టిన. దండుగ ఎంతో జెప్పుర్రి, కడ్త."

"బాపు!"

"నువ్వు ఊకో. దొంగతనమే జేసిన."

ఫిర్యాదు చేసిన చిన్నాయనకే ఆ ఒప్పుకోలు నమ్మబుద్ధి కాలేదు. నాకు మాత్రం అప్పుడే అర్థమైంది. దొంగ దండుగ కట్టి మర్నాడు మళ్లీ చెట్టెక్కుతాడు. మతి తప్పినవాడిని ఇక ఏ చెట్టూ ఎక్కనివ్వరు. బాపు లెక్క చాలా స్పష్టంగా ఉంది. మతి లేదని నేను ప్రకటించిన మనిషి, నాకంటే వేగంగా ఆలోచించాడు.

నేను అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు. "ఇయ్యాల ఏం వారమో అడుగుర్రి, చెప్తడేమో చూద్దాం" అన్నాను, అందరి ముందూ.

బాపు లేచాడు. కత్తి తీసుకుని ముత్తాదులో పెట్టుకున్నాడు. మోకు భుజాన వేసుకుని, "ఎవనికి మతి లేదో చూస్తురు రార్రి" అని తాటివనం వైపు నడిచాడు. ఎడమ కాలు నేలను రాసుకుంటూ పోతోంది. అందరం వెనక పరుగెత్తాం. పెద్దమనిషి ఆపబోతే బాపు చెయ్యి విదిలించుకున్నాడు. ఆయన పోయి నిలబడ్డది తన చెట్టు దగ్గరే, మొండిది అని పిలిచే దాని దగ్గరే. చూశారా అన్నట్టు ఒకసారి మావైపు తిరిగాడు. కాళ్లకు పట్టునిచ్చే బందం, గుజి వేసుకుని, మోకు చెట్టు చుట్టూ తిప్పి బిగించి, ఎక్కడం మొదలుపెట్టాడు.

మొదట్లో బాగానే ఎక్కాడు. చేతులకు అలవాటైన పని. మోకు పైకి జరపడం, నడుము వెనక్కి వాల్చడం, కాళ్లు ముడిచి లేవడం. నాలుగు నిలువుల ఎత్తు పోయాక ఎడమ పాదం మొద్దు మీద నిలవలేదు. జారింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ జారింది. అక్కడ ఆగిపోయాడు.

కాస్త అలుపు తీర్చుకుంటున్నాడేమో అనుకున్నాం. ఎంతసేపైనా కదలలేదు. పైకి పోవడం లేదు, కిందికి దిగడం లేదు. మోకు మీద వాలి, చెట్టు మొద్దును చూస్తూ ఉండిపోయాడు. చిన్నాయన, "అన్నా, దిగు" అని అరిచాడు. నేను అరిచాను. బాపు కిందికి చూశాడు. ఆ చూపులో నేనెవరో, తాను ఎందుకక్కడ ఉన్నాడో తెలిసిన గుర్తు లేదు. కుడిచెయ్యి మోకును వదిలి తల పట్టుకుంది.

అప్పుడు అవ్వ నా చెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగేట్టు పట్టుకుంది.

"పడ్డడు బిడ్డా" అంది.

"ఎవలు?"

"మీ బాపు. నెల దాటింది. దిగుతాంటే కాలు జారి పడ్డడు. మనిషెత్తు నుంచే. తల పోయి పక్క మొద్దుకు తాకింది. నెత్తురు రాలే, బొప్పి గట్టిందంతే. పసుపు పెట్టిన."

"నాకెందుకు జెప్పలే?"

"నీకు జెప్పొద్దన్నడు. నాతోటి ఒట్టు వేయించుకున్నడు. నువ్వు మోకు గుంజుకపోతవని."

రెండేళ్ల కింద బాపు బీపీ గోలీలు వేసుకోవడం లేదని తెలిసి నేను ఇంట్లో రగడ చేశాను. మోకు తీసి పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళం చెవి నాతో తీసుకుని మానుకోట పోయాను. వారం రోజులు బాపు ఎవరితోనూ మాట్లాడలేదట. చివరికి అవ్వ బతిమాలితే తాళం చెవి పంపాను. నేను గెలిచిన గొడవల్లో అదొకటి అనుకునేదాన్ని. దాని ఫలితం ఇప్పుడు నా తల మీద, నాలుగు నిలువుల ఎత్తులో వేలాడుతోంది.

చిన్నాయన అప్పటికే గుజి తొడుక్కుంటున్నాడు. తన మోకును అదే చెట్టుకు, బాపు కింద వేసి ఎక్కాడు. బాపు పాదాల కిందికి చేరి, ఎడమ పాదాన్ని తన భుజం మీద పెట్టుకున్నాడు. "అన్నా, మోకు జరుపు. జర కిందికి. ఆఁ, గట్ల. నేనున్న. ఇంకొంచెం" అని, పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. బాపు చేతులు ఆ గొంతును విన్నాయి. మోకు జానెడు జరిగింది. చిన్నాయన జానెడు దిగాడు. అట్లా జానెడు జానెడు దిగుతుంటే, ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. పొద్దున తాను పంచాయితీకి లాగిన మనిషి పాదాన్ని భుజాన మోస్తూ చిన్నాయన నేలకు దిగాడు. నేల తాకగానే బాపు వాంతి చేసుకుని, నా ఒళ్లోనే నిద్రలోకి పోయాడు. అది నిద్ర కాదని నాకు తెలుసు.

అంబులెన్సులో వరంగల్ పోయేదాకా చెంపల మీద కొడుతూ, పిలుస్తూనే ఉన్నాను. దవాఖానలో స్కానింగ్ తీశారు. డాక్టరు తెర మీద చూపించాడు. పుర్రెకూ మెదడుకూ నడుమ, కుడివైపు, నెలవంకలా రక్తం చేరి మెదడును పక్కకు నెట్టింది.

"దెబ్బ ఎప్పుడు తగిలింది?" అన్నాడు.

"నెల దాటింది సార్."

"వయసు మీద పడితే మెదడు కొంచెం ముడుచుకుంటుంది. రక్తనాళాలు సాగి ఉంటాయి. చిన్న దెబ్బకే సన్నగా కారడం మొదలవుతుంది. వారాల తర్వాత బయటపడుతుంది. తాగుడుంటే ఇంకా సులువుగా. ఇంట్లో వాళ్లు ముసలితనం అనుకుని కూర్చుంటారు. ఏళ్ల మీద వచ్చే మతిమరుపు వేరు, వారాల్లో మనిషి మారిపోతే వేరు. ఇంకో నాలుగు రోజులు ఆగి ఉంటే మీరు తెచ్చేది మనిషిని కాదు."

నేను ఏఎన్ఎంనని ఆయనకు చెప్పలేదు. చెప్పడానికి ముఖం చెల్లలేదు. బీపీ చూస్తే అదీ చాలా ఎక్కువగా ఉంది. పుర్రెకు రంధ్రం పెట్టి రక్తం తీశారు. ఆపరేషన్ గది బయట అవ్వా, చిన్నాయనా, నేనూ ఒకే బెంచీ మీద కూర్చున్నాం. చిన్నాయన ఒకటే మాట పదిసార్లు అన్నాడు, "నేను పంచాయితీ పెట్టకుంట ఉండాల్సింది" అని. "నువ్వు పెట్టకపోతే ఇంట్లనే పాణం పోయేది చిన్నాయనా, మాకు తెల్వకపోయేది" అని నేను పదిసార్లూ చెప్పాను. అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ కూర్చుంది. ఒట్టు తప్పినందుకు భయపడుతోందో, ఇన్నాళ్లు తప్పనందుకు ఏడుస్తోందో నాకు తెలియలేదు.

మూడో రోజుకు బాపు తేరుకున్నాడు. డాక్టరు ఏ వారం అని అడిగితే చెప్పాడు. ఎన్ని చెట్లు గీస్తావని అడిగితే, వంకర దానితో మొదలుపెట్టి ఒక్కోదాని పేరూ, అది ఏ గట్టు మీద ఉందో, ఏది ఎంత కల్లు పారుతుందో వరసగా చెప్పుకుంటూ పోయాడు. డాక్టరు మధ్యలో చాలు అన్నా ఆగలేదు. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. ఇక చెట్టెక్కొద్దు అని డాక్టరు చెప్పినప్పుడు బాపు సరే అనలేదు, కాదు అనలేదు.

ఇప్పుడు నా పాఠం మారింది. ఊళ్లలో పెద్దవాళ్లను కూర్చోబెట్టినప్పుడు ఇవాళ ఏ వారం అనే ప్రశ్న ఆఖరున అడుగుతాను. ముందు, ఈ మధ్య ఎక్కడైనా పడ్డావా, తల దేనికైనా తాకిందా అని అడుగుతాను. కోడలు పక్కన ఉంటే ఆమెను నీళ్లు తెమ్మని లోపలికి పంపి అడుగుతాను. చాలామంది పడ్డామనే చెప్తారు. ఇంట్లో చెప్పొద్దు అని కూడా చెప్తారు. బయటికి పోనియ్యరని, బర్రెల దగ్గరికి పోనియ్యరని, తిడతారని. గోలీలు మానేసిన సంగతి కూడా అట్లాగే, తిట్టని వాళ్లకే చెప్తారు. నా ఉద్యోగంలో ఇన్నేళ్లూ నాకు చెప్పకుండా దాచిన వాళ్లు ఎందరో ఉండి ఉంటారు.

బాపును ఇంటికి తెచ్చిన పదో రోజు, కుట్లు విప్పించుకుని వచ్చాక, వాకిట్లో మంచం మీద కూర్చోబెట్టి బీపీ చూస్తున్నాను. పర్వాలేదు, తగ్గింది. బీపీ పట్టీ విప్పుతుంటే బాపు అన్నాడు.

"నన్ను దొంగన్నరట గదా. గది నాకు యాదికి లేదు. మీ అవ్వ జెప్తే తెలిసింది. తాడెక్కింది యాదికి లేదు, దిగింది యాదికి లేదు."

"పోనియ్ బాపు. ఇప్పుడెందుకు?"

"నువ్వు లేసి నిలవడి, మా బాపుకు మతి తప్పిందన్నది మాత్రం యాదికున్నది."

"తప్పైంది బాపు" అన్నాను.

"తప్పేమున్నది, నిజమే అన్నవ్. నాకూ తెలుస్తనే ఉండె, ఏదో అయితాందని. కానీ నువ్వు నన్ను అడుగలే బిడ్డా. అందరికీ జెప్పినవ్."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. పట్టీ మడిచి సంచిలో పెట్టి, కింద నేల మీద ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాను.

"ఎట్ల పడ్డవ్ బాపు?" అన్నాను.

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. ముందు రోజు పడ్డ వాన నుంచి మొదలుపెట్టాడు. నేను మధ్యలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.